స్థలము చాలదన్న హెచ్చరిక: ఒక పరిశీలన

కంప్యూటరు ముందు కూర్చొని పని చేసుకొనుచుండగా, తెరకు కుడివైపున క్రింది మూలలో ఒక చిన్న పెట్టె తటాలున లేచి, "డిస్కులో స్థలము తక్కువైనది" అని చెప్పి మాయమగుట మనలో చాలమందికి అనుభవములోనిదే. దానిని మూసివేసినచో పోవును. కొద్ది నిమిషములకు మరల వచ్చును. గుమ్మములో నిలిచిన అప్పులవాడు కూడ ఇంత ఓపికతో తలుపు తట్టడు. మన కళాశాలలో దీనిని చూడని విద్యార్థి గాని, చూచి విసుగుకొనని ఉద్యోగి గాని ఉండరని నా నమ్మకము. ఆ బాధ నుండి విముక్తి పొందు మార్గమును వివరించుటకే ఈ వ్యాసము. అయితే హెచ్చరిక నోరు మూయుట వేరు, హెచ్చరికకు కారణమును తొలగించుట వేరు. ఈ రెంటికిని గల భేదమును పాటింపక నేను చేసిన ఒక పొరపాటు మన పత్రికకే నష్టము కలిగించినది గనుక, ఆ సంగతిని దాచక చెప్పవలసియున్నది.

ముందుగా డిస్కును గురించి నాలుగు మాటలు. డిస్కు అనగా కంప్యూటరు యొక్క గిడ్డంగి. విద్యుత్తు పోయినను చెరగక నిలుచు సమాచారమంతయు అందులోనే ఉండును. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన రామాక్ యంత్రములో రెండడుగుల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెను. అవి యన్నియు కలిసి దాచగలిగినది 50 లక్షల అక్షరములు మాత్రమే. అదే సంస్థ 1983లో విడుదల చేసిన ఎక్స్.టి. అను బల్లమీది కంప్యూటరులో 10 మెగాబైట్ల డిస్కు అమర్చుట ఆనాడు గొప్ప సంగతి. నేడు మీ చేతిలోని ఫోను తీయు ఛాయాచిత్రము ఒక్కొక్కటి మూడు, నాలుగు మెగాబైట్లు ఉండును. అనగా ఆ ఎక్స్.టి. డిస్కులో మన స్నాతకోత్సవపు చిత్రములు రెండో మూడో పట్టి ఉండెడివి.

నేటి డిస్కులు ఎంతో పెద్దవి. మన ప్రయోగశాలలోని కంప్యూటర్లకు 500 గిగాబైట్ల డిస్కులు కలవు. తెరచి చూచినచో 465 మాత్రమే కనబడును. మిగిలిన 35 ఏమైనవని, అమ్మినవాడు మోసము చేసినాడని కొందరు విద్యార్థులు వాదించుట విన్నాను. మోసమేమియు లేదు. డిస్కు తయారుచేయువారు వేయి వంతున లెక్కింతురు. విండోస్ 1024 వంతున లెక్కించును. కొలపాత్ర మారినది గాని ధాన్యము తగ్గలేదు.

మన ఊళ్లలో కంప్యూటరు కూర్చి ఇచ్చువారికి ఒక అలవాటు కలదు. ఆ 465 గిగాబైట్లను ఒకే గదిగా ఉంచక, 97 గిగాబైట్లతో ‘సి’ అను గదిని, మిగిలినదానితో ‘డి’ అను గదిని ఏర్పరతురు. ‘సి’లో విండోస్ కాపురముండును. మనము దాచుకొను వస్తువులు ‘డి’లో ఉండవలెనని వారి ఉద్దేశము. కాని ఆ ఉద్దేశము కంప్యూటరుకు ఎవరును చెప్పరు! డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అను సంచులు మూడును, మనము మార్చనంతవరకు, ‘సి’లోనే ఉండును. కావున ‘డి’ ఖాళీగా పడియుండగా ‘సి’ కిక్కిరిసిపోవుట సామాన్యముగా జరుగుచుండును.

ఇక్కడ గమనింపవలసిన విషయ మొకటి కలదు. హెచ్చరిక వచ్చునది ఇల్లంతటిని గురించి కాదు, ఒక్క గదిని గురించి మాత్రమే. ఆ గది పేరు, అనగా ‘సి’ గాని ‘డి’ గాని ‘ఇ’ గాని, ఆ చిన్న పెట్టెలోనే వ్రాసియుండును. ఆ ఒక్క అక్షరమును చదువని కారణముననే మన కళాశాలలో రెండు మారులు కష్టము కలిగినది.

మొదటి మారు 2018లో. ఆ సంవత్సరము ఏప్రిల్ నెలాఖరున విండోస్ 10కు 1803 అను సంఖ్యతో ఒక క్రొత్త కూర్పు వచ్చినది. దానిని వేసుకొనిన తరువాత కొన్ని కంప్యూటర్లలో అంతవరకు కంటబడని ఒక చిన్న గది ‘ఇ’ అనియో ‘ఎఫ్’ అనియో పేరు పెట్టుకొని ప్రత్యక్షమైనది. అది నిజమునకు రికవరీ విభాగము. అనగా విండోస్ చెడిపోయినప్పుడు బాగుచేయుటకు కావలసిన సామగ్రిని మూలన దాచిన చిన్న పెట్టె. దాని పరిమాణము సాధారణముగా కొన్ని వందల మెగాబైట్లు మాత్రమే, అందులో చాలభాగము పుట్టుకతోనే నిండియుండును. పేరు లేనంతకాలము విండోస్ దానిని పరామర్శించదు. అక్షరము దక్కగానే దానిని కూడ ఒక డిస్కుగా భావించి, ఖాళీ ఎంత ఉన్నదని చూచి, స్థలము చాలదని మొరపెట్టుట మొదలిడును. ఆ మొరకు అంతములేదు. ఏలయన ఆ గదిలో మనము పెట్టినదేమియు లేదు, తీయదగినదియు లేదు.

మన కార్యాలయపు కంప్యూటరులో జరిగినది ఇదే. కార్యాలయమున చాలకాలముగా పనిచేయుచున్న గుమాస్తా గారు ఆ హెచ్చరికను చూచి, కంప్యూటరు నిండిపోయినదని తలచి, ఉపకార వేతనముల దరఖాస్తుల కొరకు స్కాను చేసి డౌన్‌లోడ్స్‌లో ఉంచిన ధ్రువపత్రములను, ఈ పని అయిపోయినది గదా అను భావముతో తొలగించినారు. తొలగించినను హెచ్చరిక ఆగలేదు. అందుచేత రీసైకిల్ బిన్ అను చెత్తబుట్టను కూడ ఖాళీ చేసినారు. అప్పటికిని ఆగలేదు. నన్ను పిలిచి, "సార్, ఎంత తీసినా నిండిందనే చెబుతున్నది, ఇక తీయడానికి ఏమీ మిగలలేదు" అన్నారు. నేను చూచునప్పటికి ‘సి’లో 60 గిగాబైట్లకు పైగా ఖాళీ ఉన్నది, హెచ్చరికలో ఉన్న అక్షరము ‘ఇ’. ఆ దరఖాస్తులలో కొన్నిటిపై విచారణ ఇంకను ముగియలేదని తరువాత తెలిసినది. విద్యార్థులను పిలిపించి, అసలు పత్రములను మరల తెప్పించి, మరల స్కాను చేయవలసి వచ్చినది. పాలమూరు జిల్లా నుండి ఒక విద్యార్థి ఈ పనికొరకే బస్సు కూలి పెట్టుకొని రావలసి వచ్చినదని గుర్తున్నది. గుమాస్తా గారి తప్పు కంటె, ఇటువంటి విషయమును వారికి ముందుగా చెప్పని మా తప్పే ఎక్కువ.

ఆ ‘ఇ’కి మందు చాల సులభము: పేరు తీసివేయుటయే. స్టార్ట్ బొత్తామును నొక్కి, ‘సి.ఎం.డి.’ అని ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి, కనబడిన కమాండ్ ప్రాంప్ట్‌ను ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అను పద్ధతిలో తెరువవలెను. అందులో ‘డిస్క్‌పార్ట్’ అని వ్రాసి ఎంటర్ నొక్కవలెను. తరువాత ‘లిస్ట్ వాల్యూమ్’ అన్నచో గదులన్నిటి పట్టిక వచ్చును. అందులో కొన్ని వందల మెగాబైట్ల పరిమాణము గలిగి, హెచ్చరికలో చెప్పిన అక్షరమునే ధరించినది ఏదో చూచుకొని, దాని సంఖ్యను చేర్చి ‘సెలెక్ట్ వాల్యూమ్’ అని వ్రాయవలెను. పిమ్మట ‘రిమూవ్ లెటర్’ అని, సమాన చిహ్నమును పెట్టి, ఆ అక్షరమును వ్రాసినచో పని ముగియును. చివర ‘ఎగ్జిట్’. గదికి గాని, అందులోని సామగ్రికి గాని హాని కలుగదు. ద్వారము మీది పేరు పలక మాత్రమే ఊడును. కాని ఇదే చోట ‘క్లీన్’, ‘ఫార్మాట్’, ‘డిలీట్’ అను మాటలు కూడ పనిచేయుననియు, వాటిని పొరపాటున వ్రాసినచో డిస్కు తుడిచిపెట్టుకొని పోవుననియు మరువరాదు. అలవాటు లేనివారు ప్రక్కన తెలిసినవారిని కూర్చుండబెట్టుకొని చేయుట మేలు.

ఇక రెండవ సంఘటన. ఇది గత సంవత్సరము సంచికకు పుటలు కూర్చునప్పుడు జరిగినది, దీనికి బాధ్యుడను నేనే. పత్రిక పనికి కేటాయించిన కంప్యూటరులో అదే హెచ్చరిక రాసాగినది. 2018 నాటి అనుభవము నా మనస్సులో ఉన్నది. ‘ఇదియు ఆ పాత బూటకమే’ అనుకొన్నాను. అక్షరము చదువలేదు. హెచ్చరికలనే ఆపివేయు ఉపాయ మొకటి నాకు తెలియును: రిజిస్ట్రీ అను విండోస్ యొక్క అంతరంగపు చిట్టాలో, ప్రస్తుత వాడుకరికి చెందిన భాగమున, ఎక్స్‌ప్లోరర్ విధానముల క్రింద ‘నో లో డిస్క్ స్పేస్ చెక్స్’ అను పేరుతో ఒక పద్దు సృష్టించి, దానికి 1 అను విలువ నిచ్చినచో విండోస్ ఆ వాడుకరికి ఇక ఈ హెచ్చరిక చేయదు. ఆ ప్రకారమే చేసినాను. హెచ్చరిక మాయమైనది. అందరును సంతోషించినారు.

ఆ అక్షరము ‘సి’. గది నిజముగానే నిండుచున్నది.

గది నిండినప్పుడు ఏమి జరుగునో తెలిసికొనుట అవసరము. మనము ఒక వ్యాసమును భద్రపరచునప్పుడు వర్డు వంటి కార్యక్రమములు పాత ప్రతిమీదనే వ్రాయవు. ముందుగా ప్రక్కన ఒక తాత్కాలిక ప్రతిని పూర్తిగా వ్రాసి, అది సరిగా వచ్చిన తరువాత పాతదానిని తీసి, క్రొత్తదానికి ఆ పేరు పెట్టును. కావున పది అక్షరములు మార్చినను మొత్తము వ్యాసమునకు సరిపడు ఖాళీ కావలెను. ముద్రణకు పంపినప్పుడు పుటలు ముందు డిస్కుమీదనే వరుసలో నిలుచును. వాటికిని చోటు కావలెను. ఇవిగాక, యంత్రపు జ్ఞాపకశక్తి చాలనప్పుడు విండోస్ కొంత భారమును పేజ్‌ఫైల్ అను దానిలోనికి దింపుచుండును. అది పెరుగుటకు కూడ ‘సి’లోనే చోటు. ఇన్ని అవసరముల మధ్య గది నిండినచో కంప్యూటరు మొదట మందగించును, పిదప భద్రపరచుటకు నిరాకరించును.

ఉర్దూ విభాగమునకు ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని ఒకరు తన తాతగారిని గురించి వ్రాసిన వ్యాసమును స్వయముగా టైపు చేయుచుండెను. పదకొండు పుటలు. సాయంకాలము భద్రపరచబోగా, చోటు లేదని కంప్యూటరు నిరాకరించినది. అప్పటికైనను ఏదో ఒకటి తొలగించి చోటు చేయవచ్చునని ఆమెకు ఎవరును చెప్పలేదు. నేను ప్రక్కగదిలో తెలుగు ప్రూఫులు దిద్దుచున్నాను. ఆమె నా వద్దకు వచ్చు లోపల కరెంటు పోయినది. మరుసటి రెండు దినములలో ఆమె మరల అంతయు టైపు చేసి ఇచ్చినది. ఆ వ్యాసము అచ్చయినది, చాలమంది మెచ్చుకొన్నారు. "సార్, పాతబస్తీలో తాతయ్య కొట్టు మూసిన దినమును గురించి ఒక పేరా ఉండె, అది మళ్లీ ఎంత ప్రయత్నించినా రాలేదు" అని ఆమె నాతో అన్నది. చిత్తుప్రతి లేదు. ఆ పేరా ఎవరును చదువలేదు.

నిజముగా ‘సి’ నిండినప్పుడు చేయవలసిన పని ఏమి? మొదట సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ అను చోటును చూడవలెను. ఏ వస్తువులు ఎంత స్థలమును ఆక్రమించినవో అక్కడ విభాగములుగా కనబడును. అందులోని టెంపరరీ ఫైల్స్ అను పట్టికలో తొలగింపదగినవానికి గుర్తు పెట్టి తొలగింపవచ్చును. కాని ఆ పట్టికలో డౌన్‌లోడ్స్ అను పేరు కూడ ఉండును. అది తాత్కాలికము కాదు, మన వస్తువే. దాని ప్రక్కన గుర్తు ఉన్నదా లేదా అని కన్ను తెరచి చూచుకొనవలెను. విండోస్ 10కు సామాన్య మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియుటచే చాలమంది విండోస్ 11కు మారినారు. అట్లు మారినప్పుడు పాత విండోస్ అంతయు ‘విండోస్ ఓల్డ్’ అను పేరుతో ప్రక్కన ఉండిపోవును. వెనుకకు మరలదలచువారికై పది దినములు ఉంచి, తరువాత తానే తొలగించుకొనవలెను. అది అనేక గిగాబైట్లు. ఎప్పుడైనను అది మిగిలియుండినచో ఈ పట్టిక నుండియే తొలగింపవచ్చును.

కంప్యూటరును నిద్రపుచ్చు హైబర్నేషన్ పద్ధతిని వాడనివారు, అడ్మినిస్ట్రేటరుగా తెరచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్ సి.ఎఫ్.జి.’ అను ఆజ్ఞతో దానిని ఆపినచో, ఎనిమిది గిగాబైట్ల జ్ఞాపకశక్తి గల యంత్రములో సుమారు మూడు గిగాబైట్లు విడుదలగును. విండోస్ సంచిలోనికి వెళ్లి, పెద్దదిగా కనబడినదెల్ల చేతితో తొలగించు సాహసము మాత్రము చేయరాదు. ‘విన్ ఎస్ ఎక్స్ ఎస్’ అను సంచి భారీగా కనబడి ఊరించును. అది తీసినచో యంత్రము లేవదు.

అయినను ఇవన్నియు చిల్లర లాభములే. మన పత్రిక కంప్యూటరులో విన్‌డిర్‌స్టాట్ అను ఉచిత సాధనముతో పరీక్షింపగా కనబడినది వేరు. అది డిస్కులోని ప్రతి ఫైలును దాని పరిమాణమునకు తగిన రంగుల చతురముగా చూపును. పెద్ద దొంగ వెంటనే పట్టుబడును. వార్షికోత్సవపు వీడియో ఒకటి డెస్క్‌టాప్ మీద 14 గిగాబైట్లు. అదియే మరల డాక్యుమెంట్స్‌లో మరొక 14. వాట్సాప్ నుండి దింపిన ఒకే ఛాయాచిత్రము పేరు చివర కుండలీకరణములలో 1, 2, 3 అను అంకెలతో నాలుగు ప్రతులు. ఇవిగాక స్కాను చేసిన పుటలు వందలకొలది.

ఈ స్కాను పుటల లెక్క మన వంటి ద్విభాషా పత్రికకు ఆసక్తికరమైనది. నేడు వాడుకలో నున్న యూ.టి.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ఒక్కొక్క సంకేతమునకు మూడు బైట్లు, ఉర్దూ లిపిలోని దానికి రెండు బైట్లు పట్టును. పుటకు 1,500 సంకేతములనుకొన్నచో తెలుగు పుట 4,500 బైట్లు, ఉర్దూ పుట సుమారు 3,000. అదే పుటను ఎ-4 పరిమాణమున, అంగుళమునకు 300 బిందువుల చొప్పున, రంగులలో స్కాను చేసినచో, కుదింపనంతవరకు అది 2 కోట్ల 61 లక్షల బైట్లు. అనగా ఒక్క స్కాను పుట ఆక్రమించు చోటులో టైపు చేసిన తెలుగు పుటలు 5,800 పట్టును! తెలుగులో అక్షరమునకు మూడు బైట్లు ఖర్చగుచున్నవని బాధపడువారు ఈ లెక్కను చూచి ఊరట చెందవచ్చును. జె.పి.ఇ.జి. పద్ధతిలో కుదించినచో స్కాను పుట ఎంతో తగ్గును. రంగు అవసరము లేని ధ్రువపత్రమును బూడిద వర్ణములో స్కాను చేసినచో, కుదింపకయే, మూడవ వంతుకు దిగును.

అట్లని స్కానులన్నియు అనవసరమని నా అభిప్రాయము కాదు. పూర్వపు ఉర్దూ సంచికలలో కాతిబులు నస్తాలీఖ్ లిపిలో స్వహస్తముతో వ్రాసిన పుటలు ఉన్నవి. వాటిని టైపు చేసినచో మాటలు దక్కును గాని ఆ చేతి అందము దక్కదు. అవి చిత్రములుగానే, మంచి నాణ్యతతో, ఎంత చోటు పట్టినను ఉండవలసినవి. వానికి చోటు కావలెనన్నచో వార్షికోత్సవపు వీడియో యొక్క రెండవ ప్రతి పోవలెను.

చివరి చికిత్స స్థిరమైనది. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ సంచులను ‘డి’లోనికి మార్చుట. ఎక్స్‌ప్లోరరులో ఆ సంచిమీద కుడి బొత్తాము నొక్కి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ అను చోట ‘మూవ్’ నొక్కి, ‘డి’లో ముందుగా సృష్టించుకొనిన సంచిని చూపవలెను. ఉన్నవానిని కూడ తరలింపుమందువా అని అడుగును, అవుననవలెను. ‘డి’ అను అక్షరమునే నేరుగా చూపరాదు, ఒక సంచిని చూపవలెను. లేనిచో తరువాత చిక్కులు కలుగును. ‘డి’ కూడ అదే డిస్కులోని భాగమే గనుక, డిస్కు చెడినచో రెండును పోవునని కమిటీ పెద్దలు గ్రహింపవలెను. పత్రికకు, కార్యాలయమునకు కలిపి బయట తగిలించు డిస్కు ఒకటి మంజూరు చేయవలెనని గత సమావేశములో విన్నవించితిమి. వారు దయతో అంగీకరించి కొనియిచ్చినారు.

రిజిస్ట్రీలో నేను చేర్చిన పద్దును నా చేతితోనే తొలగించినాను. ఈ వ్యాసము వ్రాయు నాటికి పత్రిక కంప్యూటరులో ‘సి’ గదిన 41 గిగాబైట్లు ఖాళీ ఉన్నవి. ఆ విద్యార్థిని ఈ సంవత్సరము కూడ ఉర్దూ విభాగమునకు వ్యాసము నిచ్చినది. దాని ప్రతి ‘డి’లో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, ఆమె అడిగినందున కాగితముమీద అచ్చు తీసి నా బల్ల సొరుగులో ఒకటి ఉన్నవి.